కరువు బిడ్డకు జవాబు

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను ఒక శిక్షణ తరగతికి పిలిచారు. వాతావరణ మార్పు గురించి జనానికి ఎలా చెప్పాలి అన్నది విషయం. నేను నా అనుభవం చెప్పాలట. మైకు చేతిలోకి వచ్చాక తెలిసింది, నా దగ్గరున్న అనుభవమంతా చెప్పినా ఎవరూ వినకపోవడం గురించేనని. భోజనాల వేళ కూడా దగ్గర పడింది. సగంలో ఆపి కూర్చున్నాను. మిగిలిన సగం అడిగినవాళ్లున్నారు గనక రాస్తున్నాను. చదివి నిరాశ పడితే నన్ను అనకండి.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. సిద్దిపేటలో రైతు శిక్షణ కేంద్రంలో నా ఉద్యోగం. మాది హుస్నాబాద్ పక్క ఊరు, పత్తి చేన్లలో పెరిగినదాన్ని. ఒకనాడు పై ఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. "వాతావరణ మార్పుల నేపథ్యంలో అనుసరణీయ వ్యూహాలపై రైతాంగంలో అవగాహన పెంపొందించవలెను. ఇందుకై ఆధునిక సమాచార మాధ్యమాలను విరివిగా వినియోగించవలెను." మా పెద్దసారు ఆ కాగితాన్ని నా టేబుల్ మీద పెట్టి, "నువ్వు చదువుకున్నదానివి, ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు. ఆయన కూడా నాకంటే తక్కువేం చదువుకోలేదు.

ఆధునిక మాధ్యమం అంటే ఏమిటని మేము ముగ్గురం కూర్చుని ఆలోచించాం. ముగ్గురమంటే నేను, మట్టి పరీక్షలు చేసే భాయ్ సాబ్, లీడర్ సార్. భాయ్ సాబ్‌ది సిద్దిపేటే. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కోపమొస్తే రెండూ. వాళ్ల తమ్ముడికి పాత బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ ఉండేది గనక మా ఆఫీసులో కంప్యూటర్ గురించి ఆయన మాటే చివరి మాట. లీడర్ సార్ నాతో సమానమైన ఉద్యోగే కానీ ఉద్యోగుల ఉద్యమంలో ముందుండేవాడు. మంచి గొంతు. ఆయన పాట ఎత్తుకుంటే రోడ్డు మీద పోయే బస్సు ఆగి వినేది. ఆఫీసులో అందరం ఆయన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్లం. ఆయన వద్దనలేదు.

"ఫేస్‌బుక్కుల పేజీ పెడదాం" అన్నాడు భాయ్ సాబ్.

"రైతులు గది చూస్తరా?" అన్నాను.

"రైతులు చూడరు మేడం. రైతుల కొడుకులు చూస్తరు. టీ హోటల్ల కూసోని గట్టిగ చదువుతరు. గప్పుడు రైతులు ఇంటరు."

అది నిజమే. అలా మొదలైంది. ఇప్పుడు మీ అందరి చేతుల్లో ఉన్న ఫోన్లు కావు అప్పటివి. తెలుగు అక్షరాలు రాస్తే చాలా ఫోన్లలో డబ్బాలు డబ్బాలుగా కనిపించేవి. అందుకని ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయాలి. "ఎండ ఎక్కువైంది" అని నేను రాస్తే, దాన్ని "ఏందా, ఎక్కువైంది?" అని చదివి, "మేడం కొట్లాటకు దిగిందిరో" అని కింద ఎవరో రాశారు. దానికి నవ్వినవాళ్లు చాలామంది. ఎండ సంగతి అడిగినవాళ్లు ఎవరూ లేరు.

అయినా పట్టు వదల్లేదు. వాన మొత్తం పెద్దగా తగ్గకపోయినా, అది పడే తీరు మారుతోందని రాసేదాన్ని. నెల రోజుల్లో మెల్లగా పడాల్సింది నాలుగు రోజుల్లో కుమ్మరించి, తర్వాత ముఖం చాటేస్తోందని, విత్తనం వేసేముందు ఆ సంగతి చూసుకోవాలని. కొందరు చదివారు. కొందరు ఆఫీసుకు వచ్చి అడిగారు. నాకు కాస్త ఉత్సాహం వచ్చింది. సరిగ్గా అప్పుడే కరువు బిడ్డ దిగాడు.

కరువు బిడ్డ అన్నది ఒక ఖాతా పేరు. బొమ్మ స్థానంలో పగుళ్లు బారిన నేల. మనిషెవరో తెలియదు. మొదటిసారి రాసింది నాకిప్పటికీ గుర్తుంది. "మన చెరువులు ఎండింది వాతావరణం మారి కాదు, మన నీళ్లు మలుపుకుపోయి. దొంగతనం కప్పిపుచ్చడానికి సీమాంధ్ర పాలకులు పుట్టించిన కొత్త కథ పేరే వాతావరణ మార్పు."

ఇందులో నాకొచ్చిన చిక్కు చూడండి. నీళ్లలో మనకు అన్యాయం జరిగిందని నేనూ నమ్మేదాన్ని. దానికోసమే రిలే దీక్షల డేరాలో కూర్చున్నాను, ఆఫీసు బంద్ పెట్టిన రోజుల్లో అందరితో పాటు రోడ్డు మీద వంట చేశాను. అది నిజం. భూమి వేడెక్కుతోందన్నదీ నిజం. రెండు నిజాలూ ఒకేసారి ఉండొచ్చని, కాలువ ఎవరి వైపు తిప్పినా పైన మొగులు, అంటే మబ్బుల తీరు, మారడం మారడమేనని ఓపిగ్గా జవాబు రాశాను. "అంటే దొంగల తరఫున వకాల్తా పుచ్చుకున్నావన్న మాట" అని తిరుగు జవాబు వచ్చింది.

నేను ఓపిక కూడదీసుకుని ఇంకా సులువుగా చెబుదామనుకున్నాను. మనింట్లో ఉన్న వస్తువుతో చెబితే అర్థమవుతుంది కదా అని గొంగడి గురించి రాశాను. గొంగడి తనంతట తాను వేడి పుట్టించదు, మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. బొగ్గు, డీజిలు కాలిస్తే వచ్చే గాలి భూమికి అలాంటి గొంగడి. ఒకటి ఉండాలి, లేకపోతే చలికి చస్తాం. దాని మీద ఇంకోటి, ఇంకోటి కప్పుకుంటూ పోతేనే ఉడికిపోతాం. రాసి చదువుకుంటే నాకే ముచ్చటేసింది.

సాయంత్రానికి కరువు బిడ్డ రాశాడు: "ఉద్యమం భుజాన ఉన్నది గొంగడి. ఆ గొంగడి వల్లనే కరువు వచ్చిందని ఒక సర్కారు అధికారి రాస్తున్నది. ఈమె ఎవరి మనిషి?"

నేను వానల గురించి రాసినన్నాళ్లూ రాని జనం ఒక్కరోజులో వచ్చిపడ్డారు. నా ఫొటో ఒకటి ఎక్కడో దొరికించుకుని దాని కింద "తెలంగాణ గొంగడిని అవమానించిన అధికారి" అని రాసి తిప్పారు. ఆ ఫొటోలో నేను కొమురవెల్లి జాతరలో బెల్లం ముద్ద తింటున్నాను.

మహిళా ఉద్యోగుల వంతు వచ్చిన రోజు డేరాలో కూర్చున్నాను. పక్కన కూర్చున్న టీచరమ్మ మెల్లగా జరిగి, "గొంగడి గురించి రాసింది నువ్వేనా అక్కా?" అంది. అవునన్నాను. "ఎందుకట్ల రాసినవ్? మా ఆయన నీ పక్కన కూసోవద్దన్నడు" అంది. ఏం రాశానో చదివావా అని అడిగాను. చదవలేదట. వివరించబోతే, "నాకు చెప్పకక్కా, మా ఆయనకు చెప్పు" అని అటు తిరిగింది. ఇదంతా చూసి లీడర్ సార్ లేచి మైకు అందుకున్నాడు. "మన మేడం మంచి మనిషి. ఉద్యమంల మొదటి సంది ఉన్నది. ఎవలో తప్పుదోవ పట్టించిన్రు. మనమే అర్థం చేసుకోవాలె" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నన్ను ఎవరూ తప్పుదోవ పట్టించలేదని అరవాలనిపించింది. కానీ నా తరఫున నిలబడ్డ మనిషి కదా, కళ్లతోనే దండం పెట్టాను.

ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం వడగళ్లు పడ్డాయి. అరగంటలో మామిడి తోటలు రాలిపోయాయి. పొద్దుగూకేసరికి కరువు బిడ్డ ఫొటో పెట్టాడు. నేలంతా తెల్లగా వడగళ్లు. "భూమి వేడెక్కుతుందట! ఇగో, మంచుగడ్డలు! మేడంకు గొంగడి పంపుండ్రి" అని కింద రాత.

వేడెక్కిన నేల మీది తేమ గాలి ఎంత జోరుగా పైకి లేస్తే, పైన అంత ఎత్తుకు పోయి గడ్డ కడుతుందని, వడగళ్లు చలికాలంలో కాకుండా ఎండాకాలంలో పడేది అందుకేనని నేను రాశాను. నా జవాబు నలుగురు చదివారేమో. వాడి ఫొటో ఊళ్లకు ఊళ్లు తిరిగింది. ఆఫీసులో కోపంతో కుర్చీ తన్నాను. లీడర్ సార్ చాయ్ తెప్పించి, "ఇడిసిపెట్టుండ్రి మేడం. వాళ్లతోని మనకెందుకు?" అన్నాడు. భాయ్ సాబ్ మాత్రం, "నక్కో మేడం, ఇడువొద్దు. నువ్వు ఇడిస్తే వాని మాటే మిగుల్తది" అన్నాడు.

ఇంతవరకూ నా తిప్పలే గనక భరించాను. మిరుగు, అంటే మృగశిర కార్తె, వచ్చాక సంగతి మారింది.

మొదటి వాన పడింది. అది పైపైన తడిపిన వాన. రోజూ వచ్చే వాతావరణ సమాచారం చూసి, తర్వాత వాన లేని పెద్ద ఎడం రావొచ్చని, నేల లోపలిదాకా తడిసే మరో వాన పడేవరకు విత్తనం వేయొద్దని పేజీలో రాశాం. రావొచ్చు అన్నాను, వస్తుంది అనలేదు. ఎవరైనా అంతే చెప్పగలరు. కరువు బిడ్డ మాత్రం వెంటనే రాశాడు: "మన తాతలు మిరుగుకు విత్తనం ఏసిన్రు. ఆగుమని ఎవడన్నా అంటే వాడు విత్తనాల కంపెనీ మనిషి. ఆగితే మన విత్తనం పాతబడుతది, వాళ్ల కొత్త విత్తనం అమ్ముడుపోతది. ఏసుకోండ్రి. వాన గ్యారంటీ."

గ్యారంటీ అన్న ఆ ఒక్క మాట ముందు నేను రాసిన రావొచ్చు, ఉండొచ్చు అన్నవన్నీ కొట్టుకుపోయాయి. టీ హోటళ్లలో ఎవరి మాట గట్టిగా చదివి ఉంటారో మీరే చెప్పండి.

ఎడం వచ్చింది. మొలకలు లేచి, రెండాకులు విప్పి, మాడిపోయాయి. చుట్టుపక్కల అందరివీ కాదు, ముందు వేసినవాళ్లవి. చంద్లాపూర్ నుంచి దంపతులిద్దరు ఆఫీసుకు వచ్చారు. ఇప్పుడా ఊరు రిజర్వాయరు ఒడ్డున ఉంది, అప్పుడు బోర్ల మీద, మొగులు మీద బతికే ఊరు. ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె కొంగులోంచి మాడిన మక్క, అంటే మొక్కజొన్న, మొలకలు తీసి నా టేబుల్ మీద పోసింది.

"గీ ఫోనుల రాసేది మీరే గదా? ఏసుకోమని రాసిన్రట గదా?"

"మేము ఆగుమని రాసినమమ్మా."

"మా అక్క కొడుకు చదివిండు. ఏసుకోమనే ఉన్నదన్నడు. వాన గ్యారంటీ అన్నరట."

"అది మేము కాదు. వేరేవాళ్లు."

"వేరేవాళ్లెవరు?"

ఎవరో నాకూ తెలియదన్నాను. "ఫోనుల అందరిదీ ఒక్కతీరే కనబడుతది బిడ్డా. ఎవరిది సర్కారుదో, ఎవరిది ఉత్తదో మాకేం ఎరుక?" అంది ఆమె. వాళ్లకు చాయ్ ఇచ్చాం. తాగలేదు.

ఆ సాయంత్రం నేను భాయ్ సాబ్ తమ్ముడి ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లాను. కరువు బిడ్డ రాసినవన్నీ మొదటి నుంచి చదివి, ఒక్కోదానికి జవాబు తయారు చేసి, కాగితం మీద అచ్చు వేయించి ఊళ్లలో పంచాలని. భాయ్ సాబ్ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ పెద్దది చేసి చూపిస్తున్నాడు. వడగళ్ల ఫొటో వచ్చింది. మా ఆఫీసు కంప్యూటర్ మీద అది అరచేయంత కనిపించేది. ఇక్కడ తెర నిండా కనిపించింది.

"ఆగు భాయ్" అన్నాను.

ఫొటో మూలన ముళ్లకంచె ఉంది. కంచె లోపల వాన కొలిచే డబ్బా. కంచె మీద పసుపు గళ్ల తువాలు ఆరేసి ఉంది. నా టిఫిన్ డబ్బాకు చుట్టే తువాలు అది. రోజూ తిన్నాక ఉతికి ఆ కంచె మీదే వేసేదాన్ని.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ కంచె మా ఆఫీసు ఆవరణలోది, అటు తెరుచుకునే కిటికీ ఒక్కటే ఉంది. ఆ కిటికీ పక్కన ఒక్కరి కుర్చీనే ఉంది.

"యా అల్లా" అన్నాడు భాయ్ సాబ్. "మన లీడర్ సారు."

నాకు మొదట కోపం రాలేదు. సిగ్గేసింది. నా తరఫున మైకు పట్టుకున్నందుకు కళ్లతో దండం పెట్టాను చూడండి, అది గుర్తొచ్చి. ఆయన తెప్పించిన చాయ్ తాగాను. కోపం ఇంటికి వెళ్లే దారిలో వచ్చింది, వచ్చాక తెల్లవారేదాకా పోలేదు.

మరునాడు లీడర్ సార్ ఎప్పటిలాగే "నమస్తే మేడం" అంటూ వచ్చి కూర్చున్నాడు. నేను ఆయన కుర్చీ పక్కకు పోయి నిలబడి, కిటికీలోంచి బయటికి చూశాను. కంచె, డబ్బా, అంతా ఫొటోలో ఉన్నట్టే ఉంది.

"ఇక్కడి నుంచి మంచిగ కనబడుతది సార్" అన్నాను. "వడగళ్లు కూడా."

ఆయనకు వెంటనే అర్థమైంది. బుకాయించలేదు, అది మెచ్చుకోవాలి. తలుపు దగ్గరికి వెయ్యమని సైగ చేశాడు. భాయ్ సాబ్ తలుపు వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"నాకు మీరంటే పగ లేదు మేడం" అన్నాడు లీడర్ సార్.

"నాకు తెలుసు. అందుకే అర్థమైతలేదు. మీరు కూడా అదే చదువు చదివిన్రు. మీరు రాసింది మీరు నమ్ముతరా?"

టేబుల్ మీది కాగితాలు సర్దాడు. తర్వాత, "నమ్ముడు, నమ్మకపోవుడు కాదు" అన్నాడు. "నీళ్లు ఎందుకు రాలేదంటే కారణం ఒక్కటే ఉండాలె మేడం. రెండు కారణాలు చెప్తే జనం రోడ్డు మీదికి రారు. సగం తప్పు మొగులుదంటే ఎవలు కొట్లాడుతరు? రాష్ట్రం వచ్చినంక మీరు ఎన్నన్నా చెప్పుండ్రి, నేనే మైకు పట్టుకుంట."

నిజాయితీగా చెప్పాలంటే ఆ మాటకు నేను ఒక్క క్షణం తడబడ్డాను. దాని వెనక ఉన్న భయం నాకు తెలుసు. మా తరం ఎన్నిసార్లు మోసపోయిందో నాకు తెలుసు. కానీ టేబుల్ మీద మాడిన మొలకలు ఇంకా అలాగే ఉన్నాయి. ఊడ్చే ఆమెను తీయొద్దన్నాను.

"జనాన్ని రోడ్డు మీదికి తెచ్చుడు మీ ఇష్టం సార్. నేనూ వస్త. కానీ వాన గ్యారంటీ అని రాసుడేంది? మీరు ఏం చూసి రాసిన్రు?"

"మీరు ఆగుమంటున్రు గదా అని రాసిన."

"అంతేనా?"

"అంతే" అన్నాడు. ఆయన గొంతు మొదటిసారి సన్నబడింది. "అప్పటికే రోజూ మీకు ఎదురు రాసుడు అలవాటయింది మేడం. మీరేది అంటే దానికి ఎదురు. ఎన్ని మెచ్చుకోళ్లు వస్తుండె తెలుసా? డేరల పాట పాడితె కూడా అన్ని రాలే."

భాయ్ సాబ్ తలుపు దగ్గరి నుంచే ఉర్దూలో ఏదో అన్నాడు. అది ఇక్కడ రాయను.

నేను అడిగింది ఒక్కటే. చంద్లాపూర్ వచ్చి ఆ దంపతుల ముందు చెప్పాలని. పెద్దసారుకు చెబుతానని గానీ, డేరాలో బయటపెడతానని గానీ అనలేదు. అలా చేస్తే ఉద్యమం మీద మచ్చ పడుతుందని నాకూ భయముంది. ఆయన చాలాసేపు కిటికీలోంచి చూసి, వస్తానన్నాడు.

ముగ్గురం ఆటోలో వెళ్లాం. పంచాయతీ ఆఫీసు ముందర జనం చేరారు. అనుకున్న దానికంటే ఎక్కువమంది వచ్చారు, లీడర్ సార్ వచ్చాడని. పాట పాడమన్నారు. ఆయన పాడలేదు గానీ మాట్లాడటం మొదలుపెట్టాడు. నీళ్ల గురించి, నిధుల గురించి, కొలువుల గురించి. ఎంత బాగా మాట్లాడాడంటే జనం చప్పట్లు కొట్టారు. నేను పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను. చివరికి గొంతు సవరించుకుని, "ఇంటర్నెట్ల కొందరు తప్పుగ రాసిన్రు. గా మాటలు ఇని మీరు విత్తనం ఏసిన్రు. గది తప్పయింది" అన్నాడు.

కొందరట! నాకు లేచి వెళ్లిపోవాలనిపించింది. మనిషి ఇంత దూరం వచ్చి గడప దగ్గర ఆగిపోతాడా?

మా ఆఫీసుకు వచ్చిన ఆమె వెనక వరుసలో కూర్చుని ఉంది. అక్కడి నుంచే అడిగింది. "ఆ కొందరెవరు సారూ?"

ఆయన నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. భాయ్ సాబ్ నేల చూపులు చూస్తున్నాడు.

"నేనే" అన్నాడు. మైకు లేదు గనక చాలామందికి వినపడలేదు. ముందువాళ్లు వెనకవాళ్లకు చెప్పారు. ఆ మాట వరుసలు దాటి పోతుంటే ఆయన అలాగే నిలబడ్డాడు.

నేను తిట్లకు సిద్ధపడి వచ్చాను. ఎవరూ తిట్టలేదు. ఒక పెద్దమనిషి తువాలు దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. ఇద్దరు కుర్రాళ్లు, "సార్, అది ఎవలో మీ ఖాతా దొంగిలించి రాసి ఉంటరు" అన్నారు. ఆయనే ఒప్పుకున్నా నమ్మడానికి వాళ్లకు మనసు రాలేదు. నా అన్నేళ్ల పనిలో అంత చిరాకు ఎప్పుడూ కలగలేదు. భూమి వేడెక్కుతోందంటే రుజువు అడిగేవాళ్లు, ఈ మనిషి తానే చేశానంటే కూడా నమ్మరు.

ఆమె భర్త అప్పుడు మొదటిసారి నోరు విప్పాడు. "నీ పాట ఇని నేను డేరల కూసున్న సారూ. రేపు కూడ కూసుంట, గది వేరే. గని నీ మాట ఇని విత్తనం మాత్రం ఎయ్య" అన్నాడు. లీడర్ సార్ తల ఊపాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతకుముందు ఉపన్యాసాల్లో కూడా తిరిగేవి, కానీ అప్పుడు తుడుచుకోవడానికి కాస్త ఆగేవాడు. ఈసారి వెంటనే తుడిచేసుకున్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. "మరి ఇప్పుడేం ఎయ్యాలె?"

"మక్కకు పొద్దు దాటింది. ఇప్పుడేస్తే ఆఖరుకు తడి చాలకపోవచ్చు. కంది, ఆముదం ఏసుకోవచ్చు. వాటికి ఎడం వచ్చినా తట్టుకునే గుణముంది."

"గ్యారంటీ ఉన్నదా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. ఉందని అనేస్తే ఎంత సుఖంగా ఉండేది! "లేదమ్మా" అన్నాను. "పది మందిల ఏడుగురికి మంచిగైతదని నేననుకుంటున్న. ముగ్గురికి కాకపోవచ్చు. ఆ ముగ్గురెవరో నాకు తెల్వది."

జనం గొణుక్కున్నారు. ఆమె, "గిట్లనే ముందు చెప్పకపోతిరి" అంది.

ముందూ ఇలాగే చెప్పాను తల్లీ, అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

కథ ఇక్కడ ఆపితే మీకు బాగుంటుంది. కానీ ఆ ఏడు ఆలస్యంగా వానలు దంచికొట్టాయి. నా మాట విని కంది, ఆముదం వేసినవాళ్లకు ఫర్వాలేదు. వినకుండా మళ్లీ మక్క వేసినవాళ్లకు ఇంకా బాగా పండింది. వాళ్లలో ఒకాయన కంకులు పట్టుకుని ఆఫీసుకు వచ్చి, "మేడం, మీ మాట ఇనకుంటే బాగుపడ్డం" అని నవ్వుతూ ఇచ్చి పోయాడు. కాల్చుకుని తిన్నాం. తియ్యగా ఉన్నాయి. ఏం చేస్తాం? ముప్పై ఏళ్ల తీరు చెప్పగలిగే శాస్త్రం ఒక్క సాయంత్రం గురించి తడబడుతుంది. జనానికి కావాల్సింది ఆ సాయంత్రమే. ఈ ఉద్యోగంలో చేరిన మీకు ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఇది.

లీడర్ సార్ కరువు బిడ్డ ఖాతా మూసేశాడు. మూసేస్తే అయిపోతుందనుకున్నాం పాపం. ఆయన రాసిన మాటలు అప్పటికే వేరేవాళ్లు ఎత్తి రాసుకున్నారు. వడగళ్ల ఫొటో ప్రతి వేసవిలో తిరిగొచ్చేది, ప్రతిసారీ ఒక కొత్త ఊరి పేరుతో. లీడర్ సార్ తన సొంత పేరుతో వాటికి జవాబు రాయడం మొదలుపెట్టాడు. పక్క కుర్చీలో కూర్చుని ఆయన అవస్థ చూసేదాన్ని. తాను రాసిన మాటకే తాను ఎదురు రాయాలి. పైగా మొదట రాసింది బాగా రాశాడు, నోటికి పట్టేలా. దానికి జవాబు అంత బాగా రాదు. "ఎంత మంచిగ రాసిన మేడం గది!" అని ఒకసారి తల పట్టుకున్నాడు. భాయ్ సాబ్ కడుపు పట్టుకుని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు ముగ్గురం రంగు చల్లుకున్నాం, లీడర్ సార్ పాడాడు, భాయ్ సాబ్ వాళ్లింటి నుంచి షీర్ ఖుర్మా, అదే వాళ్ల సేమ్యా పాయసం, వచ్చింది. ఆ వెంటనే వచ్చిన వానాకాలాలు సరిగ్గా లేవు. అన్నమాట ప్రకారం లీడర్ సార్ మైకు పట్టుకుని ఊరూరూ తిరిగాడు. మొగులు గురించి, ఎడాల గురించి, రెండు కారణాల గురించి. ముందంత జనం రాలేదు. వచ్చినంతమందికే చెప్పాడు. ఇప్పుడాయన లేడు. రిటైరయ్యాక ఎక్కువ రోజులు బతకలేదు.

నేను మాత్రం ఆ పేజీ సంగతి ఇంకా చూస్తూనే ఉన్నాను. రిటైరయినా అలవాటు పోలేదు. కాలువలొచ్చాయి, చెరువులు నిండాయి, చంద్లాపూర్ పక్కన సముద్రమంత నీళ్లున్నాయి. ఇక వాతావరణం గురించి మాట్లాడితే కొత్త రకం కోపాలు వస్తున్నాయి. మొన్న ఒకతను, పేరు బట్టి చూస్తే హుస్నాబాద్ వైపు అబ్బాయి, నేను పెట్టిన దాని కింద రాశాడు: "భూమి వేడెక్కుడంతా బోగస్. రిటైరయినా ఈమెకు పని లేదు." నలభై ఏళ్ల కిందటి మా ఊరు, ఇప్పటి మా ఊరు పోల్చి జవాబు రాద్దామని కూర్చున్నాను. రాస్తూ ఉండగానే ఇంకొకరెవరికీ కనపడకుండా, నాకు ఒక్కదానికే, అతని నుంచి సందేశం వచ్చింది.

"మేడం, మొన్నటి వానకు పత్తి గింజ పెట్టొచ్చా? ఆగాల్నా?"

జవాబు రాయడం ఆపి, అతని నేల ఎలాంటిదో అడిగాను. చెప్పాడు. ఎర్ర నేల, బోరు లేదు. ఆగితే మంచిదని, ఎందుకో, ఎంతవరకు నమ్మొచ్చో రాశాను. "సరే మేడం, థ్యాంక్యూ" అన్నాడు. ఆగాడట కూడా.

పైన అందరికీ కనపడే చోట మాత్రం అతను రాసింది అలాగే ఉంది. తీసెయ్యలేదు. తీసెయ్యమని నేనూ అడగలేదు.